బి. బైలప్ప ఎవరు?

నిడుగల్లు,
14-11-87

ప్రియమైన మీకు, సంజీవమ్మ నమస్కరించి రాయునది.

వాన మొగం చాటేసింది. చెనిక్కాయ చెట్టు పీకితే రెండు కాయలు, అవీ తాలు. నా దిగులు అది కాదు. మీరు బెంగళూరు బస్సెక్కిన రోజు నుంచి మామ ఇంట్లో అడుగు పెట్టలేదు. గొర్రెల దొడ్డిలోనే పడుకుంటున్నాడు. సంగటి అక్కడికే మోస్తున్నాను.

పంచాయతి టీవీలో క్రికెట్టు చూస్తూ ఆయన, "బెంగుళూరు మిలిటరీ దండులో ఏడుమంది దొరల్ని ఔట్ చేసినా" అన్నాడు. మీరు ఊరందరి ముందర, "బొంకద్దు నాయనా, నువ్వు ఆడ గడ్డి కోసినోడివి" అన్నారు. కన్నకొడుకు మాట కదా, తగిలింది.

మీరు బైండు వేసేది పాత పేపర్లకే కదా. మామ ఆడానని చెప్పే 1936వి వెతకండి. నిజమైతే వచ్చి ఆయన కాళ్లు పట్టుకోండి. అబద్ధమైతే నాకొక్కదానికే రాయండి.

మీ సంజీవమ్మ

బెంగళూరు,
26-11-87

ప్రియమైన సంజీవికి,

దొరికింది. దొరికాక తల మరింత తిరిగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. దొరల పేర్లు వరసగా ఉన్నాయి. ఏడుగురి పక్కన "బి. బైలప్ప" అని ఉంది.

రేషన్ కార్డులో నాయన ఎన్. బైలప్ప. ఎన్ అంటే నిడుగల్లు. మరి ఈ బి. బైలప్ప ఎవడు? బెంగళూరువాడేమో. ఒక్కడి పేరు ఏడుసార్లు ఎందుకు వేశారో అదీ తెలీదు. గడ్డి కోస్తూ ఎవడి గొప్పో విని, నాయన తనదే అనుకున్నాడేమో. నా మాటే నిజమైందని సంతోషం లేదు, ఏడుపొచ్చింది. ఆయనకు చెప్పొద్దు.

నీ రామాంజినప్ప

నిడుగల్లు,
5-12-87

ప్రియమైన మీకు,

నా కడుపులో మాట దాగలేదు, చెప్పేశాను. కోప్పడతాడనుకుంటే మామ నవ్వాడు.

"ఏడు బీలు ఉండాయా? ఒగదాని ముందర సీ కూడా ఉండల్ల, చూడమను. నాలుగో దొర. ఆయప్ప కొట్టింది వంటాయన కాటయ్య పట్టినాడు."

ఆటకు మనుషులు తక్కువై ఆ రోజు గడ్డి కోసే మామనూ వంటాయననూ దింపారంట. మామకు సంతకం కూడా రాదు, వేలిముద్రే. పేపర్లో అక్షరాలు ఎట్లా తెలుసని అడిగాను.

"దొర చదివి ఇనిపించినాడు. యాభై ఏండ్లయినా మర్చిపోలా."

"బీ అంటే ఏంది మామా?"

"నా కొడుకునే కనుక్కోమను" అని గొర్రెలు తోలుకుపోయాడు. మీకేమైనా అర్థమైతే నాకూ చెప్పండి.

మీ సంజీవమ్మ

బెంగళూరు,
13-12-87

ప్రియమైన సంజీవికి,

నాలుగో దొర పక్కన ఉంది: "సి. కాటయ్య, బి. బైలప్ప." మా ఆఫీసులో క్రికెట్టు వస్తే రేడియో వదలని గుండప్పకు చూపించాను. కడుపు పట్టుకుని నవ్వాడు. సి అంటే క్యాచ్ పట్టినవాడంట. బి అంటే బౌలింగ్ వేసి ఔట్ చేసినవాడంట. ఊరిపేరూ కాదు, ఇంటిపేరూ కాదు. దొర ఔటైనప్పుడల్లా పక్కన నాయన పేరు వేశారు. ఏడుసార్లు అచ్చైన నాయన పేరును నేను ఎవడికో ఇచ్చేశాను, సంజీవీ. సిగ్గుగా ఉంది.

పేపరు చించి తేలేను, చేత్తో రాసుకున్నాను. శనివారం బస్సుకు వస్తాను. ముందు దొడ్డికే వెళ్తాను. ఊరందరి ముందర అన్న మాట ఆ టీవీ ముందరే వెనక్కి తీసుకుంటాను. అంతలోపల ఈ ఉత్తరం చివరి వరస నాయనకు చదివి వినిపించు. ఇది ఎనిమిదో ఔటు అని చెప్పు, ఆయనకు అర్థమవుతుంది.

ఇట్లు,
రామాంజినప్ప, బి. బైలప్ప