ఖాళీ కాని సగం

అమ్మడూ,

"ఖాళీ జాగాయేగా అమ్మమ్మా" అని ఫోను పెట్టేశావు. ఖాళీ కాదే. డిస్కులో ఫైలు కూర్చునే గడుల్లో చివరిది, ఆ చివరి బ్లాకు, సగమే నిండితే, మిగతా సగంలో ఎప్పుడో చెరిపేసిన ఫైలు అక్షరాలుంటాయి. ఫైలు పెరిగితే అవి బయటపడతాయి. వాటిని సున్నాలతో తుడిచే వరుసను వేగం కోసమని నీ ప్రోగ్రాములోంచి నువ్వు తీసేశావు. పరీక్షలేమో కొత్త డిస్కు మీద చేశావు. కొత్త పలక మీద పాత రాత ఎక్కడ కనిపిస్తుంది?

రేపు పొద్దున ఈ ప్రోగ్రాము ఆసుపత్రి కంప్యూటర్లకెక్కుతుంది. ఒకరి రిపోర్టు చివర ఇంకొకరి జబ్బు తేలితే సూది ఎవరికి పొడుస్తారు? రిటైరయ్యాక కూడా మీ ఆఫీసువాళ్ళు నన్ను తనిఖీకి పిలిచింది నీకు జోల పాడడానికి కాదు. నేను ఒప్పుకోను.

ఫోను ఎత్తవు గనక ఈ ఉత్తరం మీ మావయ్యతో పంపుతున్నాను. వాడి సంచిలో నా పాత డిస్కుంది, పదేళ్ళు అరగదీసింది. పరీక్ష దాని మీద నడుపు. అయ్యేదాకా వాడికి టీ పోస్తూ ఉండు, లేకపోతే డిస్కు పట్టుకుని వచ్చేస్తాడు.