రేకుల మీద వాన

లాస్ ఏంజిలస్, ఆగస్టు 1958

సెవెరీనా అక్కా, నేను కులాసా. నా ఉద్యోగం ఊడిందని ఎవరో చెప్పారట, నమ్మకు. ఇప్పుడు బారులో పెద్ద పనివాణ్ణి నేనే!

మా బారుకు వెదురు గోడలు, కొయ్య దేవుళ్లు, రేకుల కప్పు. పంపుతో ఆ రేకుల మీద వాన కురిపిస్తాం. బయట తడుస్తామని జనం కదలకుండా ఇంకో గ్లాసు రమ్ము తాగుతారు. శనివారం మధ్యాహ్నం పంపు చెడింది, జనం లేవబోయారు. నేను తోట గొట్టం పట్టుకుని పైకెక్కాను. మన ఊళ్లో, లవోగ్‌లో పడ్డట్టే ముందు చినుకులు, కాస్త ఆగి ఒక్కసారిగా కుండపోత. ఒక్కడు కదిలితే ఒట్టు! తడిసి ముద్దయి దిగొస్తే, గుమ్మం దగ్గర ఒకావిడ నన్ను చూసి, "బాబూ, కాస్త గొడుగుంటే ఇప్పించవూ?" అంది. బయట మండుటెండ, అక్కా!

యజమాని హాల్వర్సన్ నా వీపు చరిచి, "ఒరేయ్ యులోజియో, ఆ పంపు దండగరా! రేపట్నుంచి బారంతా నువ్వే చూసుకో" అన్నాడు.

బావ దగ్గు తగ్గిందా? చిన్నదాన్ని బడిలో వేశావా? ఇంటి కప్పు మార్పించు. వంటింటి మీది రేకు మాత్రం ముట్టుకోకు, కారితే కింద గిన్నె పెట్టు. నేను వచ్చి దాని కింద పడుకుని, ఎవరూ కురిపించని వాన ఒకటి వినాలి.

పిల్లలకు ముద్దులు.
నీ తమ్ముడు యులోజియో