సున్నా పెట్టింది నేనే

చిక్కడపల్లి,
మే 24.

తమ్ముడు సాగర్‌కు భాగ్యక్క ప్రేమతో రాసేది.

ఇక్కడ మేమంతా బాగున్నం, నువ్వక్కడ చలిల బాగున్నవనే అనుకుంటున్న. "మేమంతా" అని రాసినంక చెయ్యి ఆగింది. ఈ రెండర్రల ఇంట్ల ఇప్పుడు నేనొక్కదాన్నే గద. అయినా కొట్టెయ్యలే. ఊర్ల మా అమ్మ మంచిగనే ఉన్నది. మోకాళ్ల నొప్పులకు గోలీలు పంపిన, వేసుకుంటున్నదట.

నీ ఉత్తరం పదమూడు రోజులకు చేరింది. ఆ కొండ మీద సిగ్నల్ లేదని, ఆర్మీ వాళ్లిచ్చే ఫోన్ల మూడు నిమిషాలు దొరికితే రెండు నిమిషాలు హలో హలో అనుడుకే పోతున్నదని, గందుకే ఉత్తరం నయమని రాసినవు. నాకూ ఇదే నయం తమ్మీ. నోటితోని చెప్పలేని ముచ్చట ఒకటున్నది. ముందైతే నువ్వు అడిగినయి వరుసగ చెప్త.

మెస్ ఏమైందని అడిగినవు. అశోక్ నగర్ల పెద్దమ్మ మెస్‌ను నాగర్‌కర్నూల్ దిక్కు ఆమె తీసుకున్నది. మనిషి మంచిదే. బోర్డు మీద "సత్తవ్వ మెస్" అనే పేరు తీయలే, ఆ పేరుకే పిల్లలు వస్తరని అన్నది. మొన్న గ్రూప్స్ చదివే పిల్లలు నన్ను ఆపి, "అక్కా, పచ్చిపులుసు పెద్దమ్మ చేసినట్టు కుదుర్తలేదు" అన్నరు. నవ్వుకుంటనే అన్నరు గని, ఒకమ్మాయి కండ్లు తుడుచుకున్నది. మూడేండ్లు పరీక్షలు రాసి ఫెయిలయి నేను ఊరికి పోతనంటే, "ఊరికి పోయి ఏం జేస్తవు, కంప్యూటర్ నేర్చుకో, నేను తిండి పెడ్త" అని మీ అమ్మ నన్ను పట్టుకొచ్చి కూసోబెట్టింది ఆ మెస్‌లనే. ఆ గల్లీలకెల్లి పోకుండా ఇప్పుడు నారాయణగూడ మీదికెల్లి తిరిగి పోతున్న.

పెద్దమ్మ చీరెలు ఎవ్వరికీ ఇయ్యలే. నువ్వు చెప్పినంకనే ఇస్త. ఫోన్ మాత్రం నా దగ్గర్నే ఉన్నది. ఇంకా కిరాణం షాపాయన ఫోన్ చేస్తడు, బియ్యం ఎన్ని పంపాలె అని.

ఇగ నీ మూడో ప్రశ్న. నువ్వు రాసింది రాసినట్టే మళ్ల చదివిన: "అక్కా, క్యాంపుల పరీక్ష చేపిచ్చుకున్న, షుగర్ ఏం లేదట అని అమ్మ నాతోని ఫోన్ల అన్నది. వారం తిరగకముందే దవాఖానల తొమ్మిది వందలున్నదని చెప్పిన్రు. గట్లెట్ల అయితది? ఆ క్యాంపోళ్లు తప్పు చేసిన్రా?"

క్యాంపోళ్లు తప్పు చెయ్యలే సాగర్. తప్పు నేను చేసిన. పది రోజుల సంది ఈ మాట రాసుడు కోసమే కూసొని లేస్తున్న. రాసిన గద, ఇప్పుడు పూర్తిగ చెప్త.

గాంధీనగర్ల ఒక ట్రస్ట్ వాళ్లు నెలకొక ఆదివారం ఫ్రీగా బీపీ, షుగర్ చూస్తరు. వాళ్లకు సాఫ్ట్‌వేర్ చేసిచ్చింది మా ఆఫీసే. నర్సింగ్ చదివే పిల్లలు మిషన్ల వచ్చిన షుగర్ అంకెను ట్యాబ్‌ల కొడ్తరు. అది తీసుకొని, ఎవరికి ఏం మెసేజ్ పోవాల్నో చూసే ముక్క నేను రాసిన. నూట నలభై లోపల ఉంటే "మీ షుగర్ సాధారణ స్థాయిలో ఉంది, ఆందోళన అవసరం లేదు" అని పోతది. దాటితే డాక్టర్ను కలవమని పోతది. మూడు వందలు దాటినోళ్ల పేర్లు డాక్టర్ ఫోన్ మీద పడ్తయి, ఆయన అప్పుడే ఫోన్ చేస్తడు.

ఇందుల ఒక మెలిక ఉన్నది. మనం 118 అని కొట్టినా కంప్యూటర్‌కు అవి మూడు అక్షరాలే. వాటిని లెక్కకు పనికొచ్చే సంఖ్యగా మార్చాలె. రెండు తీర్లు మార్చొచ్చు. ఒకటి, "మార్చు" అని ఆర్డర్ వేసుడు. మారకపోతే ప్రోగ్రామ్ ఎర్రర్ విసిరి ఆగిపోతది. ఆగొద్దంటే ఆ ఎర్రర్‌ను మనమే పట్టుకోవాలె. రెండోది, "ఇది సంఖ్య అయితదా, కాదా" అని ముందే అడుగుడు. అయితే అవునని చెప్పి సంఖ్య ఇస్తది, లేకపోతే కాదంటది. ఎర్రర్ రాదు, ఏదీ ఆగది. కాదన్నప్పుడు ఏం చెయ్యాల్నో మనం ఆలోచించి రాయాలె, అంతే.

నేను మొదటి తీరున రాసిన. ఎర్రర్ వస్తే పట్టుకొని అక్కడ సున్నా పెట్టిన. క్యాంపు నడుమ ట్యాబ్ ఆగిపోవద్దు, అదొక్కటే నా పరేషాన్.

మా ఆఫీసుల ఇంద్రసేన అన్న అని పెద్దాయన ఉన్నడు. నేను రాసింది చూసేది ఆయననే. చూసి పిలిచిండు.

"మారకపోతే సున్నా పెడ్తున్నవేంది భాగ్యా? సున్నా అంటే కూడ ఒక అంకెనే. తెల్వదు అంటే తెల్వదనే ఉండాలె. ముందు అడిగే పద్ధతితోని రాయి. కాదన్నప్పుడు ఆ పద్ధతి కూడ చేతుల ఒక సున్నా పెడ్తది, దాన్ని తీసుకోకు. కాదన్న మాటనే చూడు."

"ఆదివారమే క్యాంపు అన్నా. షుగర్ గడిల అంకెలు కాక ఎవరేం కొడ్తరు? క్యాంపు అయినంక మారుస్త."

"మారుస్తవు గద?"

"మారుస్త."

ఆ క్యాంపు అయింది. ఇంకొకటి అయింది. మూడోది మార్చి ఆఖర్ల పెద్దమ్మ పోయిన క్యాంపు. మార్చలే సాగర్. మర్చిపోయిన అని రాస్తే అబద్ధమైతది. రెండుసార్లు యాదికొచ్చింది, నడుస్తున్నది గద అనుకున్న.

పదకొండో రోజు అయినంక నువ్వు రైలెక్కినవు గద, ఆ తెల్లారి పెద్దమ్మ ఆధార్ కార్డు కోసం కవర్ తీసిన. అందుల క్యాంపు చీటీ దొరికింది. పెన్నుతోని పేరు, వయసు యాభై ఒకటి, బీపీ రాసున్నయి. షుగర్ కాడ అంకె లేదు. హెచ్, ఐ అని రెండు ఇంగ్లిషు అక్షరాలున్నయి. ఏందో అనుకొని చూస్తే, ఆరు వందలు దాటితే ఆ చేతి మిషన్ అంకె చూపియ్యదట. ఎక్కువున్నదని చెప్పెతందుకు ఆ రెండక్షరాలే చూపిస్తదట. నర్సు పిల్ల మిషన్ల ఏం కనవడితే అదే చీటీ మీద రాసింది, అదే ట్యాబ్‌ల కొట్టింది. ఆమె పని ఆమె సరిగ్గనే చేసింది. ఆ రెండక్షరాలు సంఖ్యగా మారలే. నేను సున్నా పెట్టిన. సున్నా నూట నలభై లోపలనే గద. ఆందోళన అవసరం లేదని మెసేజ్ పోయింది.

అర్థమైందా తమ్మీ? మామూలుగ ఎక్కువున్నోళ్లకు డాక్టర్ ఫోన్ పోయింది. అందరికంటె ఎక్కువున్నోళ్లకే నేను రాసింది మీకేం లేదని చెప్పింది.

ఆ పొద్దు ఆఫీసుకు పోయి సున్నా ఉన్నోళ్ల పేర్లు తీసిన. మూడు క్యాంపులల్ల పదిహేడు మంది. మా ఓనర్ సార్ చూసి, "ఇప్పటికెల్లి సరిజెయ్, పాతయి కదపకు, ఎవరికీ తెల్వది" అన్నడు. నాకు తెల్సు గద అని, కాయితం పట్టుకొని ట్రస్ట్ పెద్దాయన సూర్యనారాయణమూర్తి గారింటికి పోయిన. డెబ్బై దాటిన మనిషి. నిలబడే అంతా చెప్పిన. పెద్దమ్మ సంగతి కూడ చెప్పిన. ఆయన కాయితం మీద పేర్లు ఒక్కొక్కటే వేలు పెట్టి చదివిండు.

"కోప్పడాలంటే తరవాత కోప్పడతానమ్మా. వీళ్లల్లో ఇవాళ ఎవరు ఎలా ఉన్నారో మనకి తెలీదు కదా. పద, ఆటో పిలువు."

ఆ దినం, మర్నాడు ఇద్దరం ఇల్లిల్లు తిరిగినం. తొమ్మిది మందివి టైపు తప్పులే, వాళ్లకేం లేదు. పెద్దమ్మ కాక ఇంకేడుగురికి ఆ రెండక్షరాలే వచ్చినయి. ఆరుగురు దొరికిన్రు, ఆరుగుర్నీ దవాఖానకు పంపినం. అందుల కురుమయ్య అని ఆటో నడిపేటాయన కాలి పుండుతోని పండుకొని ఉన్నడు. షుగర్ లేదని మెసేజ్ వచ్చింది గద, చెప్పు కరిచిందనుకున్నడట. ఏడో ఆమెది నారాయణగూడల ఇల్లు. మేం పోయేసరికి గోడ మీద ఫొటోకు దండ ఉన్నది. బాలత్రిపురసుందరి గారు. గుండె ఆగిపోయిందని బిడ్డ చెప్పింది. షుగర్‌కే అట్లయిందో కాదో నాకు తెల్వది, ఇగ ఎప్పటికీ తెల్వది. మూర్తి గారు చెప్పబోతుంటే ఆపి నేనే చెప్పిన. ఆమె మొత్తం విన్నది. తలుపు దగ్గరికేసింది.

కురుమయ్య పన్నెండు రోజులకు ఇంటికొచ్చిండు. మా ఆఫీసు మెట్లెక్కలేక కిందనే నిలబడి కబురు పెట్టిండు. అరటిపండ్లు నా చేతుల పెట్టి, "నువ్వు రాకపోతే నా కాలు తీసేసేటోళ్లు బిడ్డా, సల్లగుండు" అన్నడు. ఆ మాట నేను తీసుకోలేకపోయిన. తప్పు రాసింది నేనే అని చెప్పిన. ఆయన ఆటో సీటు మీద కూసున్నడు. "మరి మీ పెద్దమ్మకు ఎవరు పోయి చెప్పిన్రు?" అని అడిగిండు.

సాఫ్ట్‌వేర్ మార్చినం. ఇంద్రసేన అన్న పక్కన కూసున్నడు, నేను రాసిన. ఇప్పుడు ప్రతి గడినీ సంఖ్య అయితదా అని ముందు అడుగుతది. కాదంటే ఆ గడి ఖాళీగనే ఉంటది, ఆ మనిషికి ఏ మెసేజూ పోది, చీటీ డాక్టర్ కండ్ల ముందుకు పోతది. కొత్తగ రాసింది పదకొండు లైన్లు. మధ్యాహ్నం తిండి లోపల్నే అయిపోయింది. నేను అట్లనే కుర్సీల కూసున్న, అన్న నా దిక్కు చూడకుండ బయటికి పోయిండు. తప్పు నాదని ట్రస్ట్‌కు సంతకం పెట్టి రాసిచ్చిన. అది తెలిసినంక ఓనర్ సార్ నన్ను నెలాఖరు దాకనే రమ్మన్నడు. ఇది నువ్వు జాలి పడాలని రాస్తలేను.

ఇంకొకటున్నది. ఇది మూర్తి గారికీ చెప్పలే, మా అమ్మకూ చెప్పలే.

క్యాంపయినంక గురువారం పొద్దుగాల పెద్దమ్మ మెస్ నుంచి మధ్యల్నే ఇంటికొచ్చింది. ఎప్పుడన్న వచ్చిందా గట్ల? చెంబెడు నీళ్లు తాగి, మళ్ల చెంబెడు తాగింది. "నోరు ఆర్కపోతున్నది బిడ్డా, కాళ్లల్ల సత్తువ లేదు. ఆ నర్సు పిల్ల ఎక్కువున్నట్టున్నది, ఫోనొస్తది, పోకు అన్నది. వంటకు ఆలస్యమైతదని నేనే వచ్చేసిన. దవాఖానకు పోదామా?" అన్నది.

నేను ఆఫీసుకు తయారైతున్న. ఆమె ఫోన్ తీసి మెసేజ్ చూపిచ్చిన. "చూడు పెద్దమ్మా, ఏం లేదని రాసున్నది. ఎండకు అట్లయితున్నది" అన్న.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నేను రాసిందే."

"అట్లయితే తప్పు గాదు తీయ్" అన్నది. మంచం మీద కూసొని, ఆ మెసేజ్‌ను వేలుతోని కిందికి మీదికి జరిపి చూసుకున్నది. చదువనీకె రాదు గద ఆమెకు. నేను రాసిందని చూసుకున్నది.

పొద్దుమీకి వచ్చేటప్పుడు నారాయణగూడ చౌరస్తాల చెరుకు రసం తెచ్చిన. గ్లాసుల పోసి నా చేత్తోనే తాగిపిచ్చిన. శుక్రవారం కూడ తెచ్చిన, గ్లూకోజ్ నీళ్లు కలిపిచ్చిన. "మంచిగున్నది బిడ్డా" అని రెండుసార్లు అడిగి పోపిచ్చుకున్నది. శనివారం పొద్దుగాల లేపితే లేవలే. తర్వాత నీకు తెల్సిందే. చీటీ అడిగి ఒక్కసారి చూసుంటే, నర్సు పిల్ల మాట విన్నుంటే, ఊకె దవాఖానకు పట్టుకపోయినా, మీ అమ్మ ఉండేది. నువ్వొచ్చి నా భుజం మీద తల పెట్టి ఏడ్చినప్పుడు నాకింకా ఆ మెసేజ్‌ల తప్పు నాదేనని తెల్వది. చెరుకు రసం సంగతి మాత్రం తెల్సు. డాక్టర్ తొమ్మిది వందలు అన్నప్పుడే తెల్సింది. అప్పుడే చెప్పాల్సింది. నీ ముఖం చూసి చెప్పలేకపోయిన.

నన్ను మాఫ్ చెయ్యమని అడుగుతలేను. అడిగితే నువ్వు చేస్తవని తెల్సు, గందుకే అడుగుతలేను.

ఆర్నెల్ల మాసికానికి సెలవు దొరుకుతదని రాసినవు. మొదటిది ఈ నెల మొదట్ల నేనే వండి పెట్టిన, నీకు నిజం చెప్పకుండ పెట్టిన. జూన్‌లది వస్తున్నది. నీ జవాబు అప్పటికి అందకపోవచ్చు, ఆ దినం మా అమ్మను పిలిపించి వండిపిస్త. ఆర్నెల్లదానికి మాత్రం నువ్వు చెప్పినట్టే చేస్త. మీ అమ్మ విస్తరిల నేను అన్నం పెట్టొచ్చునా, వద్దా? ఒక్క మాట రాయి తమ్మీ. వద్దంటే పొయ్యి కాడికి రాను. గిన్నెలు తోమిపెట్టి, గడప అవుతల కూసుంట.

ఇట్లు,
మీ అమ్మ బిడ్డా అని పిలిచిన
నీ అక్క,
భాగ్యశ్రీ