తడి అంటని కవరు

గోదావరిఖని,
మే నెల, 1974, మంగళవారం.

బాపుకు,

ఈ పొద్దున బాపమ్మ నా దగ్గర కవరు అడిగి తీసుకుని, దాని అంచుకు నాలుక రాసి, వేలితో తాకి చూసింది.

"ఇంకా ఉత్తరం రాయనే లేదు బాపమ్మా, ఇప్పుడే నాకితే ఎట్ల?" అన్నాను.

"అతుకుతదా లేదా అని చూస్తున్న. నీ రాత ఎన్నడు ఒడుస్తదో!" అన్నది.

నేను ఈ నాలుగు ముక్కలు రాసేలోగా ఆ అంచు ఎండి ముడుచుకుపోయింది. దీన్ని అన్నం మెతుకుతోనే అతికించాలి.

మీకు ప్రభువు పేర వందనాలు. అమ్మ బాగుంది, నేను బాగున్నాను. అందరం క్షేమమే, బాపమ్మకు మాత్రం మతి తప్పుతోంది అని పోయిన ఉత్తరంలో రాశాను. అది నిజం కాదు. అప్పుడు నాకు తెలియలేదు. ఈ ఉత్తరం వచ్చే ఆదివారంలోగా మీ చేతికి అందుతుందో లేదోనని నాకు కాలు నిలవడం లేదు. ఇప్పటికే రెండు కాగితాలు చింపాను.

మీ ఉత్తరం నిన్న అందింది. నేను పంపిన కవరు నోరు తెరుచుకుని వచ్చిందనీ, దారిలో ఎవరైనా విప్పి చదివారా అనీ అడిగారు. ఎవరూ చదవలేదు. మీకు పంపే ప్రతి కవరూ తానే అతికించాలని బాపమ్మ పట్టు. అక్షరం రాకపోయినా కొడుక్కి పోయే ఉత్తరంలో అది ఆమె వంతు. ఆ రోజు చాలాసేపు నాకింది. కాగితం మీద గీసినట్టు చప్పుడైంది. నేను పుస్తకంలోంచి తల ఎత్తి చూసి, మళ్లీ చదువుకున్నాను. ఆమె నోట్లో తడి లేదు, అంతే.

రెండో సంగతి. వచ్చే ఆదివారం మత్తయి పెద్దబాపు బండి తెస్తాడనీ, బాపమ్మను ఆయనతో మన ఊరు కమాన్‌పూర్‌కు పంపేయమనీ రాశారు. మతి చెడ్డ మనిషిని ఊళ్లో అయితే నలుగురూ చూసుకుంటారని మీ ఆలోచన. మిమ్మల్ని తప్పుపట్టలేను. ఆమె నన్ను చనిపోయిన అత్త పేరుతో పిలిచింది. పొయ్యి అంటించి, ఎందుకు అంటించిందో మరిచిపోయి కూర్చుంది. పక్కింటి మల్లక్క గడపలో నిలబడి మీ పేరెత్తి, "జ్ఞానయ్యకు జెప్పుండ్రి. ముసల్దాని పని అయిపోయింది, ఊరికి తోలుండ్రి," అన్నది.

శుక్రవారం మధ్యాహ్నం మంచం మీద నుంచి లేవబోయి బాపమ్మ కళ్లు తిరిగి పడింది. దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు నోరు తెరిపించి నాలుక చూశాడు. మూత్రం ఏ రంగులో వస్తోందని అమ్మను అడిగాడు. అమ్మకు తెలియదు. నాకూ తెలియదు. "మతి పోలేదమ్మా, ఒంట్లో నీళ్లు పోయినయి," అన్నాడు. పెద్ద వయసులో దప్పిక సరిగా తెలియదట. అడిగితే ఇద్దామని కూర్చోకూడదు, అడగకముందే కొంచెం కొంచెంగా తాగించాలి. నోరెండినా, లేస్తే కళ్లు తిరిగినా, మూత్రం తగ్గి ముదురు పసుపుగా వచ్చినా కనిపెట్టుకోవాలి. ఉన్నట్టుండి మాట తడబడితే ముసలితనం అనుకుని వదిలేయక వెంటనే తీసుకురావాలన్నాడు. గ్లూకోసు ఎక్కించారు. చీకటి పడేలోగా బాపమ్మ నర్సును ఎగాదిగా చూసి, "గీ పిల్లకు పెండ్లయిందా?" అన్నది. అమ్మ ఏడ్చేసింది.

ఇంట్లో కుండ నిండా నీళ్లున్నాయి. మజ్జిగ ఉంది. మరి ఎందుకు తాగలేదన్నది నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. శనివారం ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చి, లోపలికి పోయినట్టు పోయి తలుపు పక్కన నిలబడ్డాను. ఆమె గ్లాసు తీసుకుపోయి మునగచెట్టు మొదట్లో ఒంపింది.

"బాపమ్మా!"

"అరవకే. చెట్టుకు ఎండ కొడుతలేదా?"

"నీకు కొడుతలేదా?"

ఆమె గ్లాసు బోర్లించింది. తరువాత నా చెవి దగ్గరికి వంగి, "ఒక్క గిలాస తాగితే రెండుసార్లు పోవాలె బిడ్డా. గా మొగోళ్ల ముంగటికెళ్లి చెంబు వట్టుకొని ఎట్ల పోవాలె?" అన్నది.

బాపూ, ఇది బిడ్డ తండ్రికి రాసే మాట కాదు. ఇక్కడికి వచ్చేసరికే ఆ రెండు కాగితాలూ చింపాను. కానీ రాయకపోతే మీరు ఆమెను పంపేస్తారు. మనం అద్దెకున్న ఈ ఇళ్ల లైనులో, చివరనున్న మరుగుదొడ్డికి పోవాలంటే చాయ్ హోటల్ బెంచీల ముందు నుంచే దారి. షిఫ్టు దిగినవాళ్లు పగలంతా అక్కడే ఉంటారు. బదిలీ మీద పోకముందు, ఇక్కడున్నప్పుడు మీరూ ఆ బెంచీ మీదే కూర్చునేవారు. చీకటి పడేదాకా ఆగాలని బాపమ్మ పొద్దున అంబలి తాగాక నోట్లో చుక్క పోసుకోవడం మానేసింది.

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ మీ దోస్తు ఎల్లేశం కాకను ఆపాను. పెరటి మూలకు దడి కట్టాలి అన్నాను.

"కోళ్లకా బిడ్డా?"

"బాపమ్మకు."

ఆయన నన్ను చూశాడు, హోటల్ వైపు చూశాడు. సాయంత్రానికి కందికంప తెచ్చి కట్టాడు. అమ్మ లోపల ఇటుకలు పేర్చి, ఒక డబ్బాలో బూడిద పెట్టింది. బాపమ్మ దడి చుట్టూ తిరిగి, అవతలి నుంచి ఏమైనా కనబడుతుందేమోనని నన్ను నిలబెట్టి మరీ చూసుకుంది.

ఇప్పుడు గని సైరన్ కూసినప్పుడల్లా ఒక గ్లాసు తాగాలని ఒప్పందం. నడుమ నడుమ గంజి, మజ్జిగ. "ఇగ నన్ను గూడ డ్యూటీల ఎక్కిచ్చిన్రా?" అంటోంది. కానీ తాగుతోంది. నా పేరు తప్పడం లేదు.

పెద్దబాపును రావద్దని మీరే కబురు పంపాలి. నా మాట ఆయన వినడు. అమ్మ, మీ జవాబు వచ్చేదాకా విప్పనంటూ బాపమ్మ చీరలు మూట కట్టి పెట్టింది. ఆ మూట చూసినప్పుడల్లా బాపమ్మ ముఖం తిప్పుకుంటోంది.

నిన్న మల్లక్క చెంబుతో వచ్చి దడి దగ్గర నిలబడింది. మేము లోపలికి పోనిచ్చాం.

ఈ లైనుకు వచ్చినప్పటి నుంచి, ఆ దడి కట్టేదాకా, అమ్మా నేనూ కూడా పగలు నీళ్లు తాగేవాళ్లం కాదు.

ఇట్లు,
మీ జవాబు కోసం చూసే బిడ్డ,
సువార్త