నా భార్య చూసిన నలుపు

అన్నయ్యకు విరుదునగర్ నుంచి రాజు దండాలు. వదినకు కూడా చెప్పు. ఇక్కడ నేను, రామలక్ష్మి, పాప క్షేమం. వదిన మెడనొప్పి తగ్గిందా? చిన్నోడు పరీక్షలు ఎలా రాశాడు? ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. కుళాయి రెండు రోజులకోసారి వస్తోంది. వచ్చిన రోజు బిందెలతో పాటు చెంబులు కూడా నింపి పెట్టుకుంటున్నాం. ఈ ఊరి నూనె పరోటాలు తిని తిని నాకు పొట్ట వచ్చిందని పాప వెక్కిరిస్తోంది. నా గురించి బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు ఇప్పుడు ఉత్తరం ఎందుకు రాశాడా అనుకుంటావు. మాది రెండు గదుల ఇల్లు. ఏ మూల నిలబడి మాట్లాడినా రామలక్ష్మికి వినిపిస్తుంది. ఆమెకు తెలుగు మాటే గాని అక్షరాలు రావు, చదువంతా అరవంలోనే. అందుకని కాగితం మీద పెడుతున్నాను. ముందు నువ్వొక్కడివే చదువు.

ఏడాదిగా మా షోరూంలో గోడకు తగిలించే ప్లాస్మా టీవీలు పెట్టారు. తెనాలి కొట్లో నువ్వు నేర్పిన పని పిక్చర్ ట్యూబులకు పనికొచ్చింది గాని వీటి ముందు నేను కొత్తవాణ్ణే. పక్కనున్న ఎల్‌సీడీ ధగధగలాడుతుంది. ప్లాస్మా అద్దంలోనేమో కొట్లో ఉన్న ట్యూబులైట్లన్నీ కనిపిస్తాయి. వచ్చినవాళ్ళు మెరిసేదానివైపు వేలు చూపిస్తే నేనూ తల ఊపేవాణ్ణి. ఎవరైనా గట్టిగా నిలదీస్తే అంగుళాలు, వారంటీ చెప్పి తప్పించుకునేవాణ్ణి. అయినా పదేళ్ళుగా ఈ బజారులో టీవీ కొనాలంటే ‘ఆంధ్రా అణ్ణాచ్చి’ని, అంటే ఈ ఆంధ్రా అన్ననే, అడగాల్సిందే. ఆ పేరు నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసు.

మన ఆషాఢం వేళకొచ్చే ఆడి మాసంలో ఒక మధ్యాహ్నం రామలక్ష్మి నాకు క్యారియర్ తెచ్చింది. అదే సమయానికి ఒక టీచరమ్మ, ఆమె భర్త రెండు టీవీల మధ్య తేల్చుకోలేక నిలబడి ఉన్నారు. వాళ్ళూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. రామలక్ష్మి కాసేపు చూసి నన్ను అడిగింది.

“ఏమండి, ఈ లైట్లు ఆర్పేదానికి ఔతుందా?”

“ఎందుకు?”

“మా నాయన కోక చూపించాలంటే వాకిట్లోకి తెచ్చి చూపిస్తారు. కొట్టు లైట్ల కింద ఏ రంగైనా బాగుంటాది. దీన్ని వాకిట్లోకి మోసుకుపొయ్యేదానికి లేదే. వాళ్ళింట్లో ఎంత వెలుగుంటాదో అంతే పెట్టి చూడండి.”

మా మామగారిది అరుప్పుకోట్టై, నేతవాళ్ళు. నూలుకు రంగు అద్దే తొట్ల పక్కనే ఈమె పెరిగింది. నేను నవ్వేసి ఊరుకోబోయాను. మా ముదలాళి ఊరుకోలేదు. యజమాని కదా, షట్టరు సగం దింపించి ఒక్క ట్యూబులైటు మాత్రం ఉంచాడు. రామలక్ష్మి కుర్చీని ఇంట్లో కూర్చునేంత దూరానికి జరిపి, రాత్రి జరిగే సీను ఒకటి పెట్టమంది. ఎల్‌సీడీలో హీరో జుట్టు బూడిద ముద్దలా ఉంది. ప్లాస్మాలో వెంట్రుకకు వెంట్రుక కనిపిస్తోంది. ఆమె ఎల్‌సీడీ వైపు చెయ్యి చూపించింది.

“ఇది నలుపు కాదు. నాలుగు తూర్లు ఉతికిన నలుపు.”

టీచరమ్మ పకపకా నవ్వింది. తర్వాత రామలక్ష్మి కేబుల్ చానల్ పెట్టించి, అంత పెద్ద తెరమీద మొహాలు అలుక్కుపోతాయని కూడా ఉన్నదున్నట్టు చెప్పింది. “ఇంట్లో రవంత దూరం జరిగి కూసోండి, శరిపోతాది” అంది. వాళ్ళు ప్లాస్మా కొన్నారు. మరుసటి వారం వాళ్ళ చుట్టాలు వచ్చారు. గుమ్మంలోనే అడిగారు, “అణ్ణాచ్చి, మీ ఇంటామె ఎప్పుడొస్తారు?” అని.

అప్పటినుంచి అదే పాట. ముదలాళి వారానికి రెండుసార్లు కబురు పెట్టేవాడు. ఆమె వచ్చి కూర్చోగానే జనం నా వైపు వీపు తిప్పేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంటికి వచ్చి చారులో ఉప్పు లేదనేవాణ్ణి, ఉన్నా సరే. నిజం చెబుతున్నాను అన్నయ్యా, నా పెళ్ళాం కన్ను చూసి నేను కుళ్ళుకున్నాను. పక్క కొట్టువాడి మీద కుళ్ళుకుంటే ఇంటికొచ్చి మరిచిపోవచ్చు. ఈమె నా పక్కనే కూర్చుని అన్నం తింటుంది.

కోవిల్‌పట్టిలో ముదలాళి ఇంకో షోరూం తెరుస్తున్నాడని ఫోన్‌లో చెప్పాను కదా. దాని పెత్తనం నాకు ఇస్తాడని ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నాను. ఒకరోజు పిలిచి ఇస్తానన్నాడు. సంతోషపడేలోపే “మీ ఇంటామె కూడా వస్తుంది కదా?” అన్నాడు. నా కుర్చీలో సగం ఆమెదని చెప్పినట్టే ఉంది.

నాలుగు రోజుల తర్వాత కోవిల్‌పట్టి నుంచి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చారు, వాళ్ళదీ తెలుగిల్లే. ఇంటికి పెద్ద ప్లాస్మా కావాలి. కూతురి పెళ్ళి డిస్క్ తెచ్చుకున్నారు, చీరల రంగు వాళ్ళకు తెలుసు కాబట్టి దాంట్లోనే చూస్తామన్నారు. ముదలాళి రామలక్ష్మికి కబురు పెట్టాడు. ఆమె వచ్చేలోపు నేను రిమోట్ తీసుకుని, ఎవరూ చూడకుండా ఎరుపు పెంచాను, రంగు పెంచాను. ఆ టీవీ బొమ్మ నా చేతులతో నేనే చెడగొట్టాను. ఆమె బాగుందంటే పరువు పోతుంది, బాగాలేదంటే బేరం పోతుంది. ఏది పోయినా ఇంక ఆమెను పిలవరు. నా లెక్క అది.

డిస్క్ పెట్టాం. పెళ్ళికూతురి తల్లి మొహం చిట్లించింది.

“ఏమమ్మా, మా పాప కోక అరక్కు రంగు కదా? ఇది కుంకుమ మాదిరి రొంబ ఎరుపుగా ఉండాదే.”

అరక్కు అంటే మన లక్క రంగు. రామలక్ష్మి తెర వైపే చూస్తూ కూర్చుంది. పెళ్ళికూతురి జడలో మల్లెపూలు కూడా గులాబీ రంగుకు తిరిగాయి. ఆ టీవీని ఆమె ముందు రోజే చూసింది, దాని సంగతి ఆమెకు తెలుసు. మెల్లిగా తల తిప్పి నన్ను చూసింది. నేను చేతిలో రిమోట్ వైపు చూస్తూ ఉండిపోయాను.

“నాకు తెలిసింది శానా తక్కువమ్మా” అంది. “దీని సంగతి ఆయనకే బాగా తెలుసు. ఆయన్ని అడగండి.”

లేచి కుర్చీ పక్కకు జరిపి నిలబడింది. అందరూ నన్ను చూశారు. ఏం చేయను? ఎరుపు తగ్గించాను, రంగు తగ్గించాను. చీర లక్క రంగుకు వచ్చింది, మల్లెలు తెల్లబడ్డాయి. “ఆఁ, ఇదే మా పాప కోక!” అని ఆ తల్లి చప్పట్లు కొట్టింది. ముదలాళి నా భుజం తట్టి, కోవిల్‌పట్టి నీదే అన్నాడు. ఈసారి మీ ఇంటామె అనే మాట ఎత్తలేదు. నేను కోరుకున్నదంతా జరిగింది.

ఇంటికి నడిచి వస్తుంటే ఉండబట్టలేక, అలా ఎందుకన్నావని అడిగాను.

“మిషన్ చెడిపోలేదు. మల్లెపూలకు ఎవురో కావాలని ఎరుపు పూసినారు” అంది. తర్వాత కూరకు వంకాయలు కొందామా, బెండకాయలు కొందామా అని అడిగింది.

ఆ రోజు నుంచి ఆమె కొట్టుకు రాలేదు. క్యారియర్ తెలిసిన ఆటో అతనితో పంపిస్తోంది. కోపంగా ఉందా అంటే లేదు. నవ్వుతోంది, మాట్లాడుతోంది. కాని నేను ఏది చూపించినా “బాగుండాది” అంటోంది. ఇదివరకు ఒక్క చొక్కాను మూడుసార్లు మార్పించిన మనిషి. మొన్న పరీక్షిద్దామని బజారంతా తిరిగి అన్నిటికంటే దరిద్రమైన కర్టెన్ గుడ్డ కొన్నాను. వంకాయ రంగు మీద పసుపుపచ్చ పూలు. “బాగుండాది” అని కుట్టి గుమ్మానికి కట్టింది. ఇంట్లోకి వచ్చినప్పుడల్లా అది నా మొహానికి తగులుతోంది.

వచ్చే నెలలో కోవిల్‌పట్టి షోరూం తెరుస్తున్నాం. నువ్వూ వదినా పిల్లల్ని తీసుకుని తప్పకుండా రావాలి. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి, కందిపొడి తెండి. ఇక్కడి కడలై మిఠాయి, అదే మన వేరుశనగ అచ్చు, పిల్లలకు కావలసినంత కొనిపెడతాను. మీ మామయ్యగారికి, అత్తయ్యగారికి నా నమస్కారాలు. పెద్దవాళ్ళు మీరు నాలుగు అక్షింతలు వేస్తే కొత్త చోట నిలదొక్కుకుంటాను. తప్పు చేసినవాడు ఇంట్లో ఆ మాట ఎలా మొదలుపెట్టాలో నీకు తెలిస్తే రాయి.

ఇది రాస్తుండగానే పక్కింటామె ఒక జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది. వంటగదిలో ఇద్దరూ నిలబడి అరగంట నుంచి మాట్లాడుకుంటున్నారు. “వేండాం అక్కా, ఈ పచ్చ మీకు నప్పదు, రెండు తూర్లు ఉతికితే పోతాది, తిరిగి ఇచ్చెయ్యండి” అంటోంది నా రామలక్ష్మి. అన్నయ్యా, ఇప్పుడు ఆ పక్కింటామెను చూసినా నాకు కుళ్ళుగా ఉంది.

నీ చేతికింద పని నేర్చుకున్న తమ్ముడు,
రాజు