ఒక్కరు పట్టే టెంట్

మార్చి 3

ఒక్కరు పట్టే టెంట్ కొంటున్నాను. నిర్ణయం అయిపోయింది.

కారణం మా తోడికోడలు, అంటే మా మరిది భార్య. ఈ డైరీలో ఆవిడ పేరు రేడియో. ఇన్నేళ్లూ ఇద్దరం ఒకే టెంట్ మోసుకుని కొండలెక్కాం. పోయినసారి దిగుడులో నా కాళ్లు వణికి, రాయి మీద కూలబడి ఏడ్చాను. నిజమే. దాన్ని ఇవాళ భోజనాల దగ్గర అందరి ముందూ నటించి చూపించింది. ముక్కు చీదడంతో సహా. మా ఆయన పడీ పడీ నవ్వాడు. అత్తగారికి పొలమారింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపు అని పెద్దలు ఊరికే అనలేదు.

ఈసారి ఒంటరిగా వెళ్తాను. పాత టెంట్ వాళ్లింటి అటక మీదే ఉంది. ఎలకలు పడుకోనీ.

మార్చి 5

రివ్యూలు చూశాను. గడ్డం ఉన్న ప్రతివాడూ టెంట్లో వెల్లకిలా పడుకుని అద్భుతం అంటాడు. వాడికి ఫ్రీగా ఇచ్చారు, అద్భుతం కాక ఏమంటాడు. నేను మోయగలిగేది కొనలేను. కొనగలిగేది మోయలేను.

మార్చి 9

లంచ్ టైములో షాపుకి వెళ్లాను. సేల్స్‌మన్‌ది జన్మలో ఆరుబయట పడుకున్న మొహం కాదు. సార్ కూడా వస్తారు కదా మేడమ్, ఇద్దరిది తీసుకోండి అన్నాడు. రారు అన్నాను. పోనీ ఫ్రెండ్స్ అన్నాడు. లేరు అన్నాను. జాలిగా చూసి, కిలో కూడా ఉండదంటూ ఒకటి అంటగట్టాడు.

నేను పార్సిల్ కౌంటర్లో పనిచేస్తానని వాడికేం తెలుసు. తిరిగొచ్చి మా త్రాసు మీద పెట్టాను. కిలోన్నర. సాయంత్రం వెళ్లి అడిగితే, మేకులు, తాళ్లు, సంచి లెక్కలోకి రావు మేడమ్ అన్నాడు. అవి నా వెనకాలే వచ్చి వాడు మోస్తాడు కాబోలు. టెంట్ వాడి మొహాన కొట్టి వచ్చాను.

మార్చి 12

రెండోదీ అంతే. జోకర్లు.

మార్చి 16

దొరికింది. దీనికి సొంత కడ్డీలుండవు. నడిచేటప్పుడు పట్టుకునే కర్రలనే లోపల నిలబెట్టి, చుట్టూ మేకులు దిగ్గొట్టాలి. అందుకే తేలిక, అందుకే చవక. త్రాసు కూడా ఒప్పుకుంది.

హాల్లో వేసి చూద్దామనుకున్నాను. నాకు బుద్ధి ఉండాలి, టైల్స్‌లో మేకు దిగుతుందా. ఒక తాడు సోఫా కాలికి, ఒకటి ఫ్రిజ్‌కి కట్టాను. పోయి పోయి నిలబడని ఇల్లు కొన్నావేంటమ్మా అన్నారు అత్తగారు. దీనికన్నా దోమతెర నయం అన్నాడు మా ఆయన. తన సాక్సు తనకు దొరకని మనిషి కూడా సలహా ఇచ్చేవాడే.

అప్పుడే రేడియో వచ్చింది. నవ్వుతుందనుకున్నాను. సరాసరి వచ్చి జారిపోతున్న కొస పట్టుకుంది. టెంట్ నిలబడింది. తప్పయిపోయింది అక్కా, ఆ రోజు నేనలా చేసుండకూడదు అంది. ఈసారి నన్నూ రానీ అంది. ఇందులో ఒక్కరికే చోటు అన్నాను. కొస మెల్లగా వదిలేసి వెళ్లిపోయింది. టెంట్ నా నెత్తిన పడింది.

అప్పుడైనా నవ్వొచ్చు కదా. నవ్వలేదు. దాంతో నాకు ఇంకా మండింది.

మార్చి 22, సాయంత్రం

పోయినసారి ఎక్కిన కొండ మీదే ఉన్నాను. దారి మధ్యలో ఆ దిగుడు మళ్లీ వచ్చింది. కాళ్లు వణికాయి కానీ కూర్చోలేదు. చూసినవాళ్లెవరూ లేరు. టెంట్ మూడో ప్రయత్నానికి నిలబడింది. సూర్యాస్తమయం చూశాను. గొప్పేం లేదు.

మార్చి 23

ఎడమ భుజం తడిసి ముద్దయింది. ఒంటి పొర టెంట్ కదా, తెల్లారేసరికి నా ఊపిరికే లోపలి గోడకు నీరు పట్టింది. మధ్యలో పడుకుంటే తగిలేదే కాదు. నేను గోడకు అతుక్కుని పడుకున్నాను. రెండో పక్క జాగా ఖాళీగా ఉంది.

ఎవరికి వదిలానో రాయను.