మధ్యాహ్నం షేర్వానీ

హైదరాబాదు,
ఫిబ్రవరి 1947

నార్సింగిలో ఉన్న మామకు మేనల్లుడు దండాలతో రాసేది.

నన్ను చూపించడానికి పిల్ల తండ్రి ఎల్లేశంగారిని బ్యాంకుకు తీసుకొస్తానన్నారు. దయచేసి భోజనాల తరువాతే తీసుకురండి. షేర్వానీ లేని గుమాస్తా కౌంటరులో కూర్చోకూడదని మేనేజరుగారి హుకుం. మా జీతాలకు నేనూ, తోటి గుమాస్తా వెంకటనారాయణా కలిసి ఒక్కటే కుట్టించుకున్నాం. పొద్దున అతను తొడుక్కుంటాడు. నేను లోపల బనీనుతో లెడ్జర్లు మోస్తుంటాను. అప్పుడు చూస్తే ఎల్లేశంగారు నన్ను హమాలీ అనుకుంటారు.

జీతం పెంచమని అడిగాం. "ఇద్దరికి ఒక్క షేర్వానీ సరిపోతుంటే, జీతం గూడ ఒక్కటి సరిపోదా ఏంది?" అన్నారు మేనేజరుగారు.

సంబంధం కుదిరితే ముహూర్తం కూడా మధ్యాహ్నం దాటాకే పెట్టించండి.

మీ మేనల్లుడు